కాకి వాలుట, తాటిపండు పడుట

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలినది. ఆ క్షణముననే పండు రాలి క్రింద పడినది. దీనికి మన పూర్వులు కాకతాళీయమని పేరు పెట్టి, తర్కములో ఒక న్యాయముగా నిలిపినారు. కాకి బరువు వలన పండు రాలినదా, లేక పండిన పండు తనంతట తానే రాలినదా అనునది ప్రశ్న. దూరము నుండి చూచువానికి ఇది వినోదమే. పండు నెత్తిన పడినవానికి మాత్రము వినోదము కాదు.

టీకా వేసిన మరునాడు మనిషి మరణించినప్పుడు ఇంటివారు అడుగునది ఈ ప్రశ్ననే. టీకా తయారై, పరీక్షలలో నెగ్గి, అనుమతి పొంది, ప్రజల లోనికి వచ్చిన తరువాత దానిని కనిపెట్టి ఉండుట అను శాస్త్రమంతయు ఈ ప్రశ్న చుట్టే పెరిగినది. ఆ చరిత్రలో ఒక ప్రకరణము మన తెలుగునేల మీదనే జరిగినది.

2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో, గర్భాశయ ముఖమునకు వచ్చు క్యాన్సరును నివారించు టీకాను బాలికలకు వేయ నారంభించినారు. అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి తలపెట్టిన పని ఇది. భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 నుండి 14 ఏండ్ల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు, మూడు మోతాదుల చొప్పున వేయవలెనని సంకల్పము. గుజరాతులోని వడోదర ప్రాంతమున మరియొక కంపెనీ టీకాతో ఇట్టి పనియే సాగినది. టీకాకు దేశములో అనుమతి అప్పటికే ఉన్నది. దానిని ప్రభుత్వ యంత్రాంగము ద్వారా పల్లెలకు చేర్చుట ఎట్లు అనునది తెలిసికొనుటే ఉద్దేశమని నిర్వాహకులు చెప్పినారు.

2010 వచ్చుసరికి కొందరు బాలికలు మరణించినట్లు వార్తలు బయలుదేరినవి. రెండు రాష్ట్రములలోను కలిపి ఆ సంఖ్య ఏడు. మహిళా సంఘములు భద్రాచలము వెళ్ళి విచారించినవి. పత్రికలు వ్రాసినవి. ఏప్రిల్ నెలలో కేంద్ర ప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేసి విచారణ సంఘమును నియమించినది. ఆ సంఘము ఒక్కొక్క మరణమును విడివిడిగా పరిశీలించినది. నీటిలో మునిగి ఒకరు, పాము కరచి ఒకరు. పురుగుమందు త్రాగుట, మలేరియా జ్వరము మరికొన్నింటికి కారణములుగా తేలినవి. టీకాకు ఈ మరణములతో సంబంధము ఉండుట సంభావ్యము కాదని సంఘము నిర్ణయించినది.

పురుగుమందు త్రాగి పోయిన పిల్ల మరణమునకు టీకా కారణము కాదనుట సులభమే. ఆ పిల్ల ఏ దుఃఖముతో త్రాగినదో అడుగవలసిన విచారణ వేరొకటి ఉన్నది. అది ఆ సంఘము పని కాదు గనుక దానిని వదలుచున్నాను.

ఇంతటితో కథ ముగిసినచో, కాకికిని పండునకును సంబంధము లేదని మనమందరము నిశ్చింతగా ఉండవచ్చును. కాని విచారణలో వేరు సంగతులు బయటపడినవి. బాలికలలో పలువురు ఆశ్రమ పాఠశాలల వసతిగృహములలో ఉండి చదువుకొనువారు. తలిదండ్రులు సంతకము చేయవలసిన అంగీకార పత్రముల మీద అనేకచోట్ల వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకము చేసినారు. టీకా తరువాత వచ్చిన అనారోగ్యములను గుర్తించి నమోదు చేయు ఏర్పాటు చాలినంతగా లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన 72వ నివేదికలో ఈ లోపములను తీవ్రమైన మాటలతో ఖండించినది.

నా దృష్టిలో ఖమ్మము ఉదంతములోని అసలు నష్టము ఇది. టీకా మంచిదే కావచ్చును. ప్రపంచమున కోట్లాది బాలికలకు వేసిన అనుభవము అది మంచిదనియే చెప్పుచున్నది. కాని ఒకవేళ దానివలన ఏదైనా కీడు కలిగియున్నచో, అది కంటబడునంతటి చూపు ఆ మూడు మండలములలో పెట్టియుండలేదు. చూడనివాడు ‘ఏమియు కనబడలేదు’ అనుట సాక్ష్యము కాదు.

చూచుట అనగా ఏమి? మా తుళ్లూరు ప్రాంతపు రైతును అడిగిన చెప్పగలడు. 2015లో రాజధాని కొరకు భూములు సమీకరింపక పూర్వము ఆ నల్లరేగడి చేలలో ప్రత్తి, మిరప పండించిన చేతులు అవి. క్రొత్త మందు కొట్టిన వారమునకు మిరప ఆకు ముడుచుకొనినచో, రైతు వెంటనే మందును తిట్టడు. ఆకు పైకి ముడిచినదా, క్రిందికి ముడిచినదా అని చూచును. పై ముడత తామరపురుగు పని. క్రింది ముడత నల్లి పని. తరువాత గట్టు దాటి, మందు కొట్టని పొరుగు చేను చూచును. అక్కడను అంతే ముడత ఉన్నచో మందు నిర్దోషి. అక్కడ లేక ఇక్కడ మాత్రమే ఉన్నచో దుకాణమునకు పోయి నిలదీయును. టీకా శాస్త్రజ్ఞులు చేయునది ఈ పొరుగు చేను చూచుటయే. టీకా లేకున్నను ఆ వయస్సువారిలో ఆ వ్యాధి ఏటా ఎందరికి వచ్చును అను లెక్క వారికి ముందే కావలెను.

ఈ లెక్క ఎంతటి పని చేయునో 1976లో అమెరికాలో తేటతెల్లమైనది. ఆ ఏడు ఆరంభమున ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరమున పందుల ఫ్లూ జాతి విషక్రిమి కనబడినది. 1918 నాటి మహామారి తిరిగి వచ్చునేమోనని దేశమంతటికి టీకా వేయ నిశ్చయించి, అక్టోబరు 1న ప్రారంభించినారు. పది దినములు గడచునో లేదో, పిట్స్‌బర్గు నగరమున ఒకే కేంద్రములో టీకా వేయించుకొనిన ముగ్గురు వృద్ధులు మరణించినారు. కొన్ని రాష్ట్రములు వెంటనే పని ఆపివేసినవి. వైద్యులు లెక్క తీసినారు. ముగ్గురును హృద్రోగులు. ఆ వయస్సువారిలో నిత్యము సహజముగా సంభవించు మరణములు ఎన్నియో తెలిసియున్నవి. ఇవి అంతకు మించినవి కావు. కాకి వాలినది, పండు తనంతట తానే పడినది. అధ్యక్షుడు ఫోర్డు టెలివిజను ఎదుట చేయి చాచి టీకా వేయించుకొనినాడు. పని మరల సాగినది.

నవంబరులో వేరొక వార్త వచ్చినది. కాళ్ళు మొదలు పైకి ప్రాకు ఒక పక్షవాతము, గిలియన్-బారే అను పేరుగలది, టీకా వేసినవారిలో కొందరికి వచ్చుచున్నది. ఇది టీకా లేకున్నను అరుదుగా వచ్చు జబ్బే. తిరిగి అదే లెక్క తీసినారు. ఈసారి పొరుగు చేనులో ముడత తక్కువ, ఈ చేనులో ఎక్కువ. టీకా తీసికొనిన లక్షమందిలో ఇంచుమించు ఒకరికి ఈ జబ్బు అదనముగా వచ్చినదని తేలినది. డిసెంబరు 16న కార్యక్రమమును ఆపివేసినారు. అప్పటికి 4 కోట్లకు పైగా ప్రజలు టీకా వేయించుకొనియున్నారు. వారు భయపడిన మహామారి మాత్రము రానేలేదు.

ఒకే టీకా, ఒకే శరదృతువు. మొదటి ఆరోపణ అబద్ధము, రెండవది నిజము. కంటికి రెండును ఒకే విధముగా కనబడినవి. వాటిని విడదీసినది లెక్కల పుస్తకము.

ఫ్లూ టీకా విషయమున ఈ కాపలా ఒకసారి పెట్టి ముగించునది కాదు. విషక్రిమి ఏటేట రూపము మార్చుకొనును గనుక, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండు పర్యాయములు, ఉత్తరార్ధగోళమునకు ఒకసారి, దక్షిణార్ధమునకు ఒకసారి, ఏ జాతులు చేర్చవలెనో సూచించును. నిరుటి అనుభవము ఈ ఏటికి కొంతవరకే పనికివచ్చును. 2010 ఏప్రిల్‌లో, ఖమ్మము పని నిలిచిన నెలలోనే, ఆస్ట్రేలియాలో ఒక కంపెనీ ఫ్లూ టీకా తీసికొనిన పసిపిల్లలకు తీవ్రజ్వరము, మూర్ఛలు వచ్చుట కనిపెట్టి, ఐదేండ్ల లోపు పిల్లలకు ఫ్లూ టీకా ఆపివేసినారు. ఇతర కంపెనీల టీకాలలో ఆ దోషము కనబడలేదు. కనుక టీకా పేరు వ్రాసికొనినంత మాత్రమున చాలదు. ఎవరు చేసినది, ఏ సీసా అనునది కూడ కావలెను.

ఈ పాఠము మన దేశమునకు మిక్కిలి పాతది. 1902 అక్టోబరులో పంజాబులోని ముల్కొవాల్ గ్రామమున 107 మందికి ప్లేగు టీకా వేసినారు. అందులో 19 మంది ధనుర్వాతముతో చనిపోయినారు. టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ పండితుని పదవినుండి తొలగించినారు. చనిపోయినవారందరును ఒకే సీసాలోని మందు పొందినవారు. ఆ సీసా మూత తీయునప్పుడు క్రింద పడిన పట్టకారును సరిగా శుద్ధి చేయక వాడినారను సంగతి బయటకు వచ్చినను, హాఫ్‌కిన్ నిర్దోషి అని ఒప్పుకొనుటకు 1907 వరకు పట్టినది. సీసా సంఖ్య ఎవరో ఒకరు వ్రాసియుంచకున్నచో ఆయనకు ఆ పాటి న్యాయము కూడ దక్కియుండెడిది కాదు.

నేడు మన ప్రభుత్వ టీకా కేంద్రములలో సూది వేసిన తరువాత అరగంట కూర్చుండబెట్టుట ఈ చరిత్ర ఫలితమే. మరణమో, ఆసుపత్రిలో చేర్చవలసిన జబ్బో సంభవించినచో వైద్యాధికారి 24 గంటలలోపు జిల్లాకు తెలుపవలెను. కారణమును జిల్లా, రాష్ట్ర సంఘములు పరిశీలించును. కాని ఫ్లూ టీకా దేశపు సార్వత్రిక టీకా కార్యక్రమములో చేరలేదు. ఉబ్బసము గల తాతగారికి తుళ్లూరునుండి గుంటూరు తీసికొనిపోయి డబ్బిచ్చి వేయించెదరు. ఇంటికి వచ్చిన మూడవనాడు ఆయనకు కాళ్ళు తిమ్మిరెక్కినచో చూచునది వేరొక వైద్యుడు; టీకా సంగతి ఆయన అడుగడు, వీరు చెప్పరు. సీసా మీది సంఖ్యగల చిన్న చీటీని వైద్యుడు అంటించి ఇచ్చిన కాగితము అప్పటికి మందుల సంచిలో నలిగి ఉండును, లేదా బస్సులోనే పడిపోయి ఉండును.