రాత్రికి ఐదు నానోసెకన్లు

జీపీఎస్ లెక్కల్లో రాత్రి ఆకాశానికి ఒకే ఒక్క అంకె: 5 నానోసెకన్లు. ఏ ఊరైనా, ఏ కాలమైనా, నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతాన్ని ఐనోస్ఫియర్ అంతసేపు ఆలస్యం చేస్తుందని ఒప్పందం. దూరంలో చెప్పాలంటే మీటరున్నర.

ఈ లెక్క జాన్ క్లోబుచర్‌ది. అమెరికా వైమానిక దళ పరిశోధనశాలలో 1975లో దీన్ని ప్రతిపాదించాడు. ఎండకి పై గాలిలోంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అవి ఎంత దట్టంగా ఉంటే సంకేతం అంత వెనకబడుతుంది. రెండు ఫ్రీక్వెన్సీల మీద వింటే ఆ తేడాని కొలిచి తీసేయొచ్చు. అంతకుముందే ట్రాన్సిట్ ఉపగ్రహాలు 150, 400 మెగాహెర్ట్జ్‌లతో ఆ పని చేశాయి. కానీ మామూలు జనం చేతికొచ్చిన జీపీఎస్ రిసీవర్లు చాలాకాలం ఒక్క ఫ్రీక్వెన్సీతోనే సరిపెట్టుకున్నాయి. వాటికి ఊహే దిక్కు.

ఉపగ్రహం పంపే సందేశంలో ఆ ఊహకి దొరికిన చోటు 8 అంకెలు. రాత్రంతా చదునుగా, పగలు ఒక మూపురం, స్థానిక సమయం మధ్యాహ్నం 2 గంటలకి దాని శిఖరం. ఈ ఫార్ములాని కోడ్‌గా రాస్తున్నప్పుడు నన్ను ఆపేసింది ఇంకో విషయం. అందులో కొసైన్ లేదు. కొసైన్ శ్రేణిలోని మొదటి మూడు పదాలే ఉన్నాయి! అప్పటి చిన్న ప్రాసెసర్ల మీద అంత జాలి. ఇంత చేసి సాధించేది పొరపాటులో సుమారు సగం తగ్గించడం. అంతే చాలని ముందే అనుకుని కట్టిన మోడల్ ఇది.

అయితే ఆ సగం అందరికీ సమానంగా అందదు. 1946లో ఇంగ్లండులో ఆపిల్టన్, కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర ఒకే వింతని పట్టించుకున్నారు. ఎలక్ట్రాన్లు అయస్కాంత భూమధ్యరేఖ మీద కాక, దానికి రెండువైపులా గుట్టపడుతున్నాయి. అవి అయస్కాంత రేఖల వెంట జారిపోతాయని మిత్ర వివరించాడు. తర్వాతివాళ్ళు ఆ వివరణని సరిదిద్దారు. ఉత్తరపు గుట్ట దాదాపు అహ్మదాబాద్-కలకత్తా మీద, పల్లం కేరళ కొస మీద. తెలుగు నేల ఆ వాలులో ఉంది. క్లోబుచర్ మూపురం ఎత్తుని అక్షాంశంతో కలిపేది ఒక మూడో డిగ్రీ బహుపది. దానికి ఒక్క శిఖరమే కుదురుతుంది, మన ఆకాశానికేమో రెండు.

రోడ్డు మీద కారుకి ఇది పెద్ద లెక్క కాదు. మబ్బులోంచి రన్‌వేకి దిగే విమానానికి మాత్రం కొన్ని మీటర్లు ప్రాణం మీదికొస్తాయి. అందుకే ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి కట్టిన గగన్ వ్యవస్థ ఒకే పొర ఊహని వదిలేసి, పలు పొరల మోడల్ తయారుచేసుకుంది. 2015లో దిగే విమానాలకి ఎత్తు కూడా చూపేందుకు దానికి ఆమోదం దొరికింది.

కింది గాలి కథ వేరు. అక్కడి ఆలస్యం సముద్రమట్టం దగ్గర సుమారు 2.3 మీటర్లు. అందులో ఎక్కువ భాగం గాలి పీడనం తెలిస్తే చెప్పేయొచ్చు. 1972లో సాస్తమోయినెన్ సూత్రం చేసేది అదే. లొంగనిదల్లా నీటి ఆవిరి. 1992లో మైకేల్ బేవిస్ బృందం దాన్ని తిరగేసి చూసింది: రిసీవర్ ఎక్కడుందో ముందే తెలిస్తే, మిగిలిన ఆ ఆలస్యమే గాలిలో తేమ ఎంతుందో చెబుతుంది. సర్వేయర్లు తీసిపారేస్తున్న అంకె వాతావరణ శాస్త్రవేత్తలకి వాన కబురయింది.