గని కార్మికుని స్వభావమును తూచుట

బొగ్గుగనిలో నొకనికి దెబ్బ తగిలిన వెంటనే "వాడు పుట్టుకతోనే అజాగ్రత్త మనిషి" యను మాట పుట్టుట లోకములో తరచు. ఈ మాటకు శాస్త్రరూపము నిచ్చుటకు గత శతాబ్దమున కొందరు పండితులు మిక్కిలి శ్రమించిరి. గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో బాయికి పోయినవాని కొరకు ఇంట కనిపెట్టుకొని యుండు తల్లులకును భార్యలకును ఈ చరిత్రతో పని గలదని తలంచి, దీనిని వ్రాయుచున్నాము.

1919వ సంవత్సరమున మేజర్ గ్రీన్‌వుడ్, హిల్డా వుడ్స్ అను నిరువురు, యుద్ధకాలమున ఇంగ్లండులోని మందుగుండు కర్మాగారములలో పనిచేసిన స్త్రీల గాయముల లెక్కలను పరిశీలించిరి. (మేజర్ యనునది ఆయన పేరే కాని సేనలోని పదవి కాదు.) గాయములు కేవలము యాదృచ్ఛికముగా వచ్చినచో ఎంతమందికి ఎన్ని రావలెనో గణించి చూడగా, కొలదిమందికి అంతకంటె హెచ్చుగా వచ్చినట్లు తేలెను. 1926లో ఫార్మర్, ఛేంబర్సు అనువారు దీనికి 'ప్రమాదశీలత' యని పేరుపెట్టిరి. పేరు పుట్టిన తరువాత వస్తువు కూడ ఉన్నట్లే జనులు నమ్ముదురు! అట్టి స్వభావము గలవారిని ముందే గుర్తించి పనిలోనికి తీసికొనకున్న చాలును, ప్రమాదములు తగ్గునను ఆశ బలపడెను.

అయితే ముందే గుర్తించుట యెట్లు? అప్పటికే అమెరికాలో వుడ్‌వర్త్ పండితుడు, యుద్ధభూమిలో మనస్సు చెదరగల సైనికులను వేరుపరచుటకై 116 ప్రశ్నల పట్టిక నొకటి కూర్చియుండెను. ప్రతి ప్రశ్నకును ఔననియో కాదనియో చెప్పవలెను. ఆరోగ్యవంతులలోనే పెక్కండ్రు ఔనన్న ప్రశ్నలను ఆయన తీసివేసెను. తరువాత మిన్నెసోటాలో హాథవే, మెకిన్లీ అనువారు ఈ పద్ధతిని ఇంకను ముందునకు నడిపి, రోగుల జవాబులను, వారిని చూడవచ్చిన బంధుమిత్రుల జవాబులను పోల్చి, భేదము కనబడిన ప్రశ్నలనే నిలుపుకొనిరి. ఏ ప్రశ్న పనికివచ్చునో పండితుని యూహ గాక జనుల జవాబులే నిర్ణయించుట మేలైన మార్గమే. కాని ఆ సామాన్యులు మిన్నెసోటా సామాన్యులు. మన సామాన్యులు కారు.

ఇచ్చట రెండు గుణములను వేరుగా తెలిసికొనవలెను. సంతలోని తక్కెడ, ఒకే బియ్యమును పదిమారులు తూచినను ఒకే తూకము చూపినచో అది విశ్వసనీయత. ఆ తూకము నిజమైన తూకమగుట సప్రమాణత. ప్రతిసారియు ఒకే విధముగా తక్కువ చూపు తక్కెడకు మొదటిది గలదు, రెండవది లేదు. బియ్యమునకు సర్కారు ముద్రవేసిన పడికట్టు గలదు. స్వభావమునకు అట్టి పడికట్టు ఏది? 1955లో క్రోన్‌బాక్, మీల్ అను పండితులు ఈ ప్రశ్న నెత్తుకొని, ఒక్క పడికట్టు దొరకనిచోట, ఆ స్వభావము నిజముగా నున్నచో ఇంకేమేమి జరుగవలెనో ముందే చెప్పి, వానిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెనని వివరించిరి.

ప్రమాదశీలత అట్టి పరీక్షకు నిలిచెనా? 1951లోనే ఆర్బస్, కెరిచ్ అనువారు పాతలెక్కలను మరల శోధించి, గాయములు అసమానముగా నున్నంత మాత్రమున స్వభావమే కారణమని చెప్ప వీలులేదని చూపిరి. మాకును ఇదియే సమంజసముగా తోచుచున్నది. కప్పు వదులైన చోట బొగ్గు కొట్టువానికిని, పైన కూర్చుండి లెక్కలు వ్రాయువానికిని గాయములు సమానముగా రావు గదా! అప్పుడు మనము కొలిచినది మనిషినా, కప్పునా?

మానములన్నియు వ్యర్థములని మా యభిప్రాయము కాదు. 1964లో హార్వర్డు ఆచార్యుడు మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్నపరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి, కాకినాడ వర్తకులకు శిక్షణ నిప్పించెను. బొమ్మను చూపి కథ చెప్పించి, ఆ కథలో కార్యసాధనాపేక్ష యెంత గలదో గణించుట ఆయన మానము. అయినను కథలతో తృప్తిపడక, ఆ వర్తకులు పిదప క్రొత్త పెట్టుబడి పెట్టిరా, పనివారిని పెంచిరా యని శిక్షణ లేనివారితో పోల్చి చూచి, 1969లో వింటర్‌తో కలిసి ఫలితములను గ్రంథముగా ప్రకటించెను. మాటను చేతతో సరిచూచుట యన నిదియే.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది మరణించిరి. వీడు జాగరూకుడు, వాడు తొందరపాటువాడని నీరు ఎంచి చూడదు. కావున బాయి పనివారి స్వభావమును కొలువ దలచువారు మొదట కప్పును, నీటిని కొలిచి రావలెను. పిదప ఇంగ్లీషు ప్రశ్నలను తెనిగించి సరిపెట్టుకొనక, బాయిలోని మాటలతోనే ప్రశ్నలు కూర్చవలెను. ఒకే గనిలో, ఒకే పనిలో నున్నవారినే పోల్చవలెను. జవాబుపత్రములు కొలువిచ్చువారి చేతికి పోరాదు. పోవునని తెలిసినచో "నాకు తొందరపాటు గలదు" అని వ్రాయువా డెవడు? ఇంతయు చేసి, నాలుగైదేండ్లు ఓర్చి, గాయముల లెక్కతో సరిచూచిన తరువాతనే ఆ పట్టికను మానమని పిలువవచ్చును.