ముంగాలి ఎముక: గాయాలు, చికిత్సల చరిత్ర

మోకాలికీ చీలమండకూ మధ్య రెండు ఎముకలు పక్కపక్కనే ఉంటాయి. లోపలివైపు ఉండే లావుపాటిది ముంగాలి ఎముక. పాఠ్యపుస్తకాలు దీన్ని అంతర్జంఘిక అంటాయి. బయటివైపు ఉండే సన్నటిది బహిర్జంఘిక. తొడ ఎముక తర్వాత ఒంట్లో పొడవైన ఎముక అంతర్జంఘికే. నిలబడినప్పుడు, నడిచినప్పుడు మోకాలి మీద పడే బరువులో చాలా భాగం దీని మీదుగానే పాదానికి దిగుతుంది. దీని పై చివర వెడల్పుగా, బల్లపరుపుగా ఉండి తొడ ఎముకను మోస్తుంది. మోకాటి చిప్పకు కాస్త దిగువన చేతికి తగిలే బుడిపె తొడ ముందు కండరానికి పట్టు. ఆ కండరం లాగితేనే మడిచిన కాలు చాపగలం. చీలమండ దగ్గర లోపలివైపు ఉబ్బుగా కనిపించేది వేరే ఎముక కాదు, దీని కింది చివరే.

మోకాలి దిగువ నుంచి వేలితో ముంగాలిని తడుముతూ వస్తే చర్మం కిందే ఎముక తగులుతుంది. వెనక పిక్క కండరాలు దట్టంగా ఉన్నా, ఎముక ముందు లోపలి ముఖానికి అలాంటి అండ లేదు. అందుకే దెబ్బ నేరుగా ఎముకకే తగులుతుంది, విరిగిన మొన సులువుగా చర్మం చీల్చుకుని బయటికొస్తుంది. పొడవాటి ఎముకల్లో ఇలా గాయం తెరుచుకునేలా విరిగేది ఎక్కువగా ఇదే. చీలమండకు దగ్గరగా ఉన్న భాగానికి రక్తం అంతంతమాత్రంగానే అందుతుంది కాబట్టి అక్కడి విరుపు అతకడానికి నెలలు పడుతుంది. ఈ ఎముక చికిత్స చరిత్ర చాలావరకు ఈ తెరుచుకున్న గాయంతో వైద్యులు చేసిన పోరాటమే.

విరిగిన ఎముకను కదలనివ్వకూడదన్న సంగతి ప్రాచీనులకు తెలుసు. తొడగానీ కాలుగానీ విరిగితే రోగిని చెక్క పలక మీద పడుకోబెట్టి, అయిదు చోట్ల మేకులు దిగ్గొట్టి కాలిని కట్టాలని సుశ్రుత సంహిత చెప్పింది. చర్మం చిట్లని విరుపుకు ఆ ఏర్పాటు సరిపోతుంది. చిట్లితే మాత్రం చీము పట్టేది, ప్రాణం మీదికి వచ్చేది.

ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారేకు 1561లో ఈ కష్టం స్వయంగా ఎదురైంది. గుర్రం తన్నడంతో అతని ఎడమకాలి ఎముకలు రెండూ చీలమండకు నాలుగు వేళ్ల ఎత్తులో విరిగాయి. ఇంకో తన్ను తప్పించుకోబోయి పడ్డప్పుడు ఎముక మొనలు కండను, మేజోడును, బూటును చీల్చుకుని బయటికొచ్చాయి. దగ్గర్లోని పల్లెలో దొరికిన గుడ్డు తెల్లసొన, గోధుమపిండి, పొయ్యి మసి, వెన్న కలిపి కట్టు వేశారు. నొప్పికి జంకకుండా గట్టిగా లాగమని, కావాలంటే గాయం పెద్దది చేసి ఎముక ముక్కలు తీసేయమని పారే తన తోటి వైద్యుడికి చెప్పాడు. కాలు నిలిచింది. అయితే ఆ తర్వాత మూడు శతాబ్దాలు గడిచినా ఇలాంటి గాయానికి చాలా చోట్ల రంపమే చికిత్స.

1865 ఆగస్టు 12న గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి పదకొండేళ్ల జేమ్స్ గ్రీన్‌లీస్‌ను తీసుకొచ్చారు. బండి చక్రం ఎక్కి అతని ఎడమ ముంగాలి ఎముక విరిగి, చర్మం చిట్లింది. అక్కడి వైద్యుడు జోసెఫ్ లిస్టర్ అప్పటికే పాశ్చర్ పరిశోధనలు చదివి ఉన్నాడు. గాలి వల్ల కాదు, గాలిలోని సూక్ష్మజీవుల వల్లే గాయం కుళ్లుతుందని నమ్మాడు. కార్లైల్ పట్టణంలో మురుగు కంపు పోగొట్టడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని కూడా అతనికి తెలుసు. ఆ ఆమ్లంలో తడిపిన గుడ్డను పిల్లవాడి గాయం మీద పరిచి కట్టు కట్టాడు. నాలుగు రోజుల తర్వాత విప్పి చూస్తే చీము వాసన లేదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది. 1867లో లాన్సెట్ పత్రికలో లిస్టర్ ఈ ఫలితాలను ప్రకటించాడు. నేడు ఏ ఆపరేషన్ గదిలోనైనా పాటించే శుభ్రత వెనక ఈ పిల్లవాడి కాలు ఉందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇక ఎముకను కదలకుండా పట్టి ఉంచే మార్గాలూ మారాయి. డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మథైసెన్ 1851లోనే పిండికట్టును ప్రవేశపెట్టాడు. ఎముక లోపల రాడ్ వేసే పద్ధతి 1940 ప్రాంతంలో జర్మన్ వైద్యుడు గెర్హార్డ్ కూంట్షర్‌తో మొదలైంది. సైబీరియాలోని కుర్గాన్‌లో గావ్రిల్ ఇలిజరోవ్ 1950లలో మరో దారి చూపాడు. కాలి చుట్టూ లోహపు వలయాలు అమర్చి, వాటి నుంచి సన్నని తీగలను ఎముకలోంచి పోనిచ్చి బిగించాడు. ఎముకను కోసి, రెండు ముక్కలనూ రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున దూరం జరిపితే ఆ సందులో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి ఏళ్ల తరబడి అతకని తన కాలితో 1980లో కుర్గాన్ వెళ్లి బాగుపడి రావడంతో పశ్చిమ దేశాల దృష్టి ఈ పద్ధతి మీద పడింది.

తెలుగు నేల మీద పుత్తూరు కట్టు ఇప్పటికీ జనం నోట్లో ఉంది. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలతో కడతారు. ముంగాలి విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. కాలు విరిగాక కండరాల అరల్లో వాపు పెరుగుతుంది. బిగుతైన కట్టు ఏదైనా సరే అప్పుడు రక్తాన్ని ఆపేస్తుంది. ఓర్వలేని నొప్పి, వేళ్లలో తిమ్మిరి కనిపిస్తే గంటల్లో ఆస్పత్రికి చేరాలి. చర్మం చిట్లితే నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి.

ఈ ఎముక విరగకుండానే వంగిపోయిన చోటు నల్లగొండ. కారణం తాగునీటిలో మితిమీరిన ఫ్లోరైడ్. మన ప్రాంతంలో దానివల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి పరిసరాల్లో గుర్తించారు. నల్లగొండలో ఎదిగే పిల్లల కాళ్లు వంగి, మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా మారడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో వివరించారు. ఎదుగుదల ఆగాక ఎన్ని మంచినీళ్లు తాగినా ఆ వంపు పోదు, ఎముకను కోసి సరిచేయాల్సిందే. కాబట్టి నీళ్లు పిల్లలకు చిన్ననాడే మారాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దాన్ని నేటికీ నల్లగొండ పద్ధతి అనే పిలుస్తారు.