అడుగున తలుపున్న శవపేటిక

వియన్నాలోని అంత్యక్రియల మ్యూజియంలో ఒక చెక్క శవపేటిక ఉంది. చూపుకి మామూలు పెట్టే. కాకపోతే దాని అడుగు తలుపులా తెరుచుకుంటుంది. గోతి మీద నిలిపి మీట కదిపితే శవం లోపలికి దిగిపోతుంది. ఖాళీ పెట్టె వెనక్కి వెళ్లి మరో చావింటికి పనికొస్తుంది. పర్యావరణానికి మేలు చేసే అంత్యక్రియలు ఈమధ్యే పుట్టాయనుకునేవాళ్లందరికీ దీన్ని చూపించాలనిపిస్తుంది. ఈ ఆలోచనకి 240 ఏళ్లు దాటాయి.

ఆలోచన ఆస్ట్రియానేలిన రెండో జోసెఫ్ చక్రవర్తిది. 1784 ఆగస్టులో ఉత్తర్వు వేశాడు. ఊరి గోడల లోపలి శ్మశానాలు మూసేయాలి. శవాన్ని బట్టల్లేకుండా నారగుడ్డ సంచిలో పెట్టి కుట్టాలి. చర్చివాళ్ల పెట్టెలో మోసుకెళ్లి, సంచితోనే గోతిలో దించి, సున్నం చల్లి పూడ్చాలి. పాతిపెట్టేదే శరీరం త్వరగా మట్టిలో కలవాలని, అలాంటప్పుడు మధ్యలో చెక్క అడ్డమెందుకని ఆయన వాదన. కలప మిగులుతుంది, పేదవాడికి పెట్టె ఖర్చు తప్పుతుంది. ఇందులో కాదనదగ్గ మాట నాకొక్కటీ కనపడదు.

వియన్నా జనం మాత్రం కాదన్నారు. పోయినవాళ్లను ఘనంగా సాగనంపడమంటే ఆ ఊరికి ప్రాణం. కన్నతండ్రిని సంచిలో కుట్టి గోతిలోకి జారవిడవడమా అని మండిపడ్డారు. ఆరు నెలలు తిరక్కుండానే, 1785 జనవరిలో, చక్రవర్తి ఆ పద్ధతిని బలవంతం చేయడం మానుకున్నాడు. మానుకుంటూ కూడా, చచ్చాక ఇంకొంతకాలం కుళ్లుతూ ఉండటమే జనానికి ఇష్టమైతే అలాగే కానివ్వండని విసుక్కున్నాడు. ఆయనంటే నాకు అభిమానమే, కానీ తప్పు ఆ విసుగులోనే ఉంది. కలప, సున్నం, గోతి లోతు అన్నీ లెక్కగట్టాడు. ఏడ్చేవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. మంచి ఆలోచన ఒకటి అలా చేజారి, రెండు శతాబ్దాలు మూలనపడింది.

అంత్యక్రియల విషయంలో ఆయన తెచ్చిన మిగతా మార్పులు చాలావరకు నిలిచాయి. 1791లో మోజార్ట్‌ను ఊరి బయట సెయింట్ మార్క్స్ శ్మశానంలో గుర్తురాయి కూడా లేకుండా పూడ్చారు. దిక్కులేని చావని చాలామంది నొచ్చుకుంటారు గానీ, అప్పటి వియన్నా మధ్యతరగతికి అదే మామూలు. జోసెఫ్ అంతకు ముందు ఏడాదే పోయాడు. కాపుచిన్ మఠం నేలమాళిగలో, శిల్పాలతో నిండిన తల్లి మరియా తెరిసా పేటిక ముందు, నగిషీ అన్నదే లేని రాగిపెట్టె ఆయనది. ఆడంబరం వద్దన్న మాట నిలబెట్టుకున్నాడు. మట్టికి మాత్రం చేరలేదు.

ఇంగ్లండ్ పల్లెల్లో అంతకు చాలాముందే ఊరుమ్మడి పెట్టెలుండేవి. వాటిలో మోసుకెళ్లి, శవాన్ని గుడ్డతోనే పూడ్చేవారు. యార్క్‌షైర్‌లోని ఈజింగ్‌వోల్డ్ చర్చిలో ఒకటి ఇప్పటికీ ఉంది. అంత దూరం ఎందుకు, మన ఊళ్లలో మసీదుకి జనాజా, అంటే శవాన్ని మోసే పాడె, ఉంటుంది. కఫన్ చుట్టిన శరీరం నేలలోకి, జనాజా తిరిగి మసీదుకి. ఉన్నవాడికీ లేనివాడికీ అదొక్కటే. వెంట వచ్చినవాళ్లు భుజాలు మార్చుకుంటూ మోస్తారు, మూడేసి గుప్పెళ్ల మట్టి వేస్తారు. ఎవరికీ చిన్నతనం అనిపించదు. జోసెఫ్ ఇదొక్కసారి చూసి ఉంటే బాగుండేది.

జోసెఫ్ తర్వాతి వందేళ్లలో పెట్టెలు బరువెక్కాయి. తేలికైన దారులు వెతికినవాళ్లూ లేకపోలేదు. 1875లో లండన్‌లో సేమోర్ హేడెన్ అనే సర్జన్ బుట్టల్లా అల్లిన శవపేటికలు ప్రదర్శనకు పెట్టాడు. 1888లో అమెరికాలో ఏమస్ హాబ్సన్ పశువుల కళేబరాలను క్షారంలో ఉడికించి ఎరువు చేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. అదే కాలక్రమేణా నీటి దహనమైంది. పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన వేడినీళ్లలో కొన్ని గంటలకు ఎముకలే మిగులుతాయి. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ 2021 డిసెంబరులో పోయినప్పుడు ఆయనకు చేసింది ఇదే. ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో శ్మశానాల నిర్వాహకుడు కెన్ వెస్ట్ 1993లో సమాధిరాళ్ల బదులు చెట్లు నాటే తోట తెరిచాడు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది అమెరికాలోని సియాటిల్ పద్ధతి. కత్రీనా స్పేడ్ అనే ఆమె పట్టుదల వల్ల వాషింగ్టన్ రాష్ట్రం 2019లో శరీరాన్ని కంపోస్టు చేయడానికి చట్టం తెచ్చింది. చెక్కముక్కలు, ఎండుగడ్డి, ఆల్ఫాల్ఫా మధ్య పడుకోబెడితే సూక్ష్మజీవులే వేడి పుట్టించి కొన్ని వారాల్లో మట్టి చేసేస్తాయి. ఆమె సంస్థ రీకంపోజ్‌లో, ఆ గడ్డి పడక మీద ఇంటివాళ్లు పూలు పరిచి సాగనంపవచ్చు. ఒక్కొక్కరి నుంచి సుమారు ఒక ఘనగజం మట్టి వస్తుంది. కావాలంటే ఇంటికి తీసుకెళ్లి చెట్లకు వేసుకోవచ్చు, లేదంటే అడవుల పునరుద్ధరణకు ఇచ్చేయవచ్చు.