ఏడ్వని శిశువు

హైదరాబాదునుండి చేవెళ్లకు బోవు దారిలో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అను రెండు జలాశయముల నడిమి సీమలో, మొయినాబాదుకు చేరువగా హిమాయత్‌నగర్ అను గ్రామమున్నది. చిలుకూరు బాలాజీని దర్శింపబోవువారు ఆ కూడలికడనే మలుపు తిరుగుదురుగాని, ఆ పేరును గూర్చి తలపోయువా రరుదు. 1908 సెప్టెంబరులో మూసీనది నగరమును ముంచివేసిన పిమ్మట, అట్టి యుపద్రవము మరల రాకుండుటకై కట్టించిన సాగరములలో రెండవదియు, 1927లో ముగిసినదియు నగు హిమాయత్‌సాగర్ జలాశయమునకు ఏడవ నిజాము తన జ్యేష్ఠపుత్రుడైన హిమాయత్ అలీఖాను పేరిడెను. ఒట్టోమన్ సుల్తానుల వంశమున జన్మించి, 1931లో హిమాయత్ అలీఖాను తమ్మునకు ఇల్లాలైనది రాకుమారి నీలోఫర్. బావగారి పేరు నీటికి దక్కినది. మరదలి పేరు పసికందులకు దక్కినది. ప్రసూతివేళ మరణించిన యొక పరిచారిక స్మృతి ఆమె మనస్సును కలచుటయే మూలముగా, రెడ్‌హిల్స్‌లో 1953లో నీలోఫర్ ఆసుపత్రి వెలసినది.

అంతకు పూర్వము ఈ పల్లెలలో కాన్పు మంత్రసాని చేతిలోనిది. తెలంగాణమున తరచు మంగలి స్త్రీలే తరతరములుగా ఈ వృత్తిని నిర్వహించిరి. మంత్రసానితనమున కొప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలసినదే యను సామెతను మనము నవ్వుటకు వాడుకొందుముగాని, పుట్టినబిడ్డ ఏడ్వక నీలివన్నెకు తిరిగినవేళ ఆ చేతులపై బడిన భారము నవ్వులాట కాదు. వెన్ను చరచుట, చన్నీళ్లు చల్లుట ఆమె యెరిగిన యుపాయములు. ఇవి మోటుపద్ధతులని తీసిపారవేయుటకు ముందు చరకసంహిత శారీరస్థానమును విప్పి చూడవలెను: శిశువు చెవుల మొదట రెండు రాళ్లు తాకించి మ్రోగించుట, ముఖముపై చల్లని నీరుగాని వెచ్చని నీరుగాని చిలుకుట, చేటతో విసరుట అందు విధింపబడినవి. శ్వాసను మేల్కొల్పుటయే అన్నింటి యుద్దేశము.

శ్వాస ఆలస్యమైనచో తరువాతి కథ యేమి? 1861లో లండను వైద్యుడు విలియం లిటిల్, కష్టప్రసవమునకును బిడ్డ కాలుసేతులు బిగుసుకొనిపోవుటకును సంబంధము కలదని ప్రతిపాదించెను. 1897లో ఫ్రాయిడు, కష్టప్రసవమే గర్భస్థదోషమునకు లక్షణము కారాదా యని ఎదురు ప్రశ్న వేసెను. ఇరువురి మాటలోను సత్యమున్నది. అయితే దెబ్బతిన్న మెదడు మరల కోలుకొనగలదని తలచుటకు ఆనాటి శాస్త్రము తావీయలేదు. చచ్చిన నాడీకణమునకు మారుకణము పుట్టదనుట సిద్ధాంతమై యుండెను. 1962లో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎదిగిన ఎలుక మెదడులో క్రొత్తకణములు పుట్టుచున్నవని వ్రాసినపుడు పెద్దలు చెవినిడలేదు.

ఆ సంవత్సరముననే వేరొక వింత బయటపడెను. స్టాన్లీ కోహెన్ చుంచెలుకల లాలాజలగ్రంథి సారమును అప్పుడే పుట్టిన చుంచుపిల్లలకు ఎక్కింపగా, అవి గడువుకు ముందే కన్నులు తెరచినవి! ఆ సారములోని పదార్థమే చర్మవృద్ధికారకము. అంతకు ముందే నాడీవృద్ధికారకమును కనుగొన్న రీటా లెవీ మాంటల్చినీతో కలిసి ఆయన 1986లో నోబెల్ బహుమానమందెను. కన్నురెప్పలను తెరపించిన యా పదార్థమే ఎదిగిన చుంచు మెదడునుండి తీసిన కణములను గాజుపాత్రలో విభజింపజేసి, నాడీకణములుగను, వానికి తోడ్పడు గ్లియా కణములుగను మారగల మూలకణములు అందున్నవని రేనాల్డ్స్, వైస్ అను పరిశోధకులకు 1992లో తెలియజెప్పినది.

ఈ మూలకణములు మెదడులోని ద్రవకుహరముల గోడలనంటి యుండును. ఏడుదినముల ఎలుకపిల్లకు ఒకవైపు మెడధమనిని కట్టి, ప్రాణవాయువును తగ్గించి పరీక్షించు పద్ధతి 1981లో ఏర్పడిన పిమ్మట తేలినదేమనగా, దెబ్బతగిలిన కొలదిదినములలో ఆ గోడలు దళసరియగును, కణములు పెరుగును, వృద్ధికారకములు ఆ పెరుగుదలను ప్రేరేపించును, కొన్ని కణములు గాయమువైపు పయనించును. కాని చేరినవానిలో నాడీకణములై నిలుచునవి మిక్కిలి కొలది. పెక్కు గ్లియాకణములగును, నాడీతంతువులను కప్పు మైలీన్ పొరను అల్లవలసినవి పక్వము కాకయే ఆగిపోవును. బిడ్డ మెదడులోనే ఒక మంత్రసాని యున్నదనియు, ఆమె చేతికి వేడినీళ్లు అందించువారే కరవైరనియు నాకు తోచును.

ఆ యందించు పని మానవశిశువులయందు ఇంకను ఫలింపలేదు. ఎరిత్రోపోయటిన్ అను హార్మోను నాడీకణములను కాపాడునన్న యాశతో అమెరికాలో 500 మంది శిశువులపై జరిగిన పరీక్ష 2022లో ప్రకటితమైనది. దానివలన మేలు కానరాలేదు. శిశుశరీరమును మూడుదినములు 33.5 డిగ్రీలకు చల్లబరచు చికిత్స సంపన్నదేశములలో ప్రాణములు నిలిపినను, భారత, శ్రీలంక, బంగ్లాదేశములలో 408 మందిపై చేసి 2021లో వెలువరించిన పరీక్షలో, చల్లబరచినవారిలోనే మరణము లెక్కువయ్యెను. పరదేశపు మందును మన బిడ్డకు కొలత చూడకయే తొడుగరాదని దీనివలన తేలినది.

నేడు మొయినాబాదు మండలములోనే వైద్యకళాశాలలున్నవి. 2009లో భారతప్రభుత్వ మారంభించిన నవజాత శిశు సురక్షా కార్యక్రమములో కాన్పులు చేయు నర్సులకు నేర్పునది ఒక చిన్న రబ్బరుసంచిని, ముఖమునకు ఆనించు తొడుగును వాడుటను. తుడిచి ఒడలు ఆర్చినను బిడ్డ ఊపిరి తీయనిచో, పుట్టిన మొదటి నిమిషములోనే దానితో గాలి నందింపవలెను.