తిరుత్తణి నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా – మన ఇంట్లో ఉన్న రెండు భాషలు



ఈసారి కాస్త పొడుగు వ్యాసమే. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో ప్లస్ టూ, డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్ళకూ వినిపించండి. పురాణాలూ పాత కావ్యాలూ చదువుకుంటే కడుపు నిండుతుందా అన్న ప్రశ్న మన సమావేశాల్లో తరచూ వస్తుంది. విదేశాలకు పంపాలంటే ఇంజనీరింగు, కంప్యూటర్లు తప్ప ఇంకేముంది అని కూడా అడుగుతారు. ప్రాచీన సాహిత్యాన్ని విదేశీ విశ్వవిద్యాలయాల్లో చదవడం, చెప్పడం అనే విషయానికీ మన ఊరికీ పాత సంబంధం ఉంది. అది ముందు తెలుసుకుని, ఆ తరువాత జవాబు వెతుక్కుందాం.

సెప్టెంబరు 5 వస్తే మనం సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటానికి దండ వేస్తాం. రాష్ట్రపతి అయ్యారని, ఉపాధ్యాయ దినోత్సవం ఆయన పుట్టినరోజే అని, మన తిరుత్తణివారని చెప్పుకుంటాం. ఆయన ఏం చదివారు, ఏం చెప్పారు అని ఎవరైనా అడిగితే మాత్రం మనలో చాలామందిమి తడబడతాం.

ఆయన 1888లో తిరుత్తణిలో ఒక సామాన్య తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పుడు మన ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చదువు తిరుత్తణిలో మొదలై తిరుపతి మిషన్ బడి, వాలాజాపేట, వేలూరు ఊరీస్ కాలేజీ మీదుగా మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చేరింది. అంతా మన చుట్టుపక్కల ఊళ్ళే. తత్వశాస్త్రం ఎంచుకోవడానికి కారణం కూడా మన ఇళ్ళలో జరిగేలాంటిదే. అదే కాలేజీలో చదువు ముగించిన బంధువు ఒకరు తన పాత పుస్తకాలు ఇచ్చారు. కొత్తవి కొనే స్తోమత లేని ఇంట్లో ఆ పుస్తకాలే దారి చూపాయి.

కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళు మిషనరీలు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శ అక్కడ ఆయన చెవిన పడింది. ఆ మాట ఆయన్ని కలతపెట్టింది. కోపం తెచ్చుకుని ఊరుకోకుండా మూలగ్రంథాలు పట్టుకుని కూర్చున్నారు. 1908లో, 20 ఏళ్ళ వయసులో, వేదాంతంలోని నీతి మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాసి జవాబు చెప్పారు. అక్కణ్ణుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, 1918లో మైసూరు, 1921లో కలకత్తా. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కాలేజీలో హిందూ జీవన దృక్పథం మీద ఉపన్యాసాలు ఇచ్చారు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల కోసం స్పాల్డింగ్ దంపతుల విరాళంతో ఏర్పడిన ఆచార్య పీఠానికి మొదటి ఆచార్యుడు అయ్యారు. 1952లో ఉపరాష్ట్రపతి అయ్యేదాకా ఆ పీఠం ఆయనదే. ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఏనాడూ చేరని మనిషి, అక్కడ ఉపనిషత్తుల గురించి, గీత గురించి, బుద్ధుడి గురించి పాఠం చెప్పారు. 1939లో అచ్చయిన పుస్తకంలో ప్రాచీన గ్రీకుల ఆలోచననూ మన ఆలోచననూ పక్కపక్కన పెట్టి చూపారు.

ఇందులో గొప్ప ఏమిటో తెలియాలంటే అదే ఆక్స్‌ఫర్డ్‌లో అంతకు ముందు నూరేళ్ళ కథ తెలియాలి. అక్కడ సంస్కృతానికి పీఠం 1832లో మొదలైంది. దానికి డబ్బు ఇచ్చింది ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో పనిచేసిన బోడెన్ అనే అధికారి. సంస్కృతం తెలిస్తే భారతీయులను క్రైస్తవంలోకి మార్చడం సులువవుతుందని ఆయన ఉద్దేశం. వీలునామాలో ఆ మాట సూటిగానే రాశాడు. మొదటి ఆచార్యుడు విల్సన్ చనిపోయాక 1860లో ఎన్నిక జరిగింది. ఋగ్వేదాన్ని అచ్చు వేయిస్తున్న మాక్స్ ముల్లర్ ఒకవైపు, మోనియర్ విలియమ్స్ మరోవైపు. ఎవరైతే మత ప్రచారానికి ఎక్కువ పనికొస్తారు అన్నది ప్రచారంలో పెద్ద అంశం అయింది. 833 ఓట్లతో విలియమ్స్ గెలిచారు, మాక్స్ ముల్లర్‌కు 610 వచ్చాయి.

మన గ్రంథాల మీద తీర్పు అంత దూరంలో, అలాంటి లెక్కలతో జరిగేది. ఆ తరువాత 76 ఏళ్ళకు అదే విశ్వవిద్యాలయంలో మన తిరుత్తణి మనిషి నిలబడి ఆ గ్రంథాలలో ఏముందో తానే చెప్పారు. ఆయన చెప్పినదంతా అందరూ ఒప్పుకోలేదు. ఆయన తరువాత ఆ పీఠానికి వచ్చిన ఆచార్యుడే వేరే దారి పట్టాడు. అది పాండిత్యంలో సహజం. మాట్లాడేవాళ్ళలో మనవాళ్ళూ ఉండడం, అదీ మూలం చదివి మాట్లాడడం ముఖ్యం.

ఇదంతా సంస్కృతం సంగతి కదా, మన తెలుగు మాటేమిటి అంటారేమో. ఆ కథ మనకు ఇంకా దగ్గర. తిరువళ్ళూరులో లోకల్ రైలు ఎక్కితే దిగే చెన్నైలోనే అది మొదలైంది.

1812లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో వచ్చే కంపెనీ ఉద్యోగులకు ఇక్కడి భాషలు నేర్పడానికి ఒక కాలేజీ పెట్టారు. దాని వెనుక ఉన్నవాడు మద్రాసు కలెక్టరు ఎల్లిస్. అప్పటి యూరప్ పండితులు దక్షిణాది భాషలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయనుకునేవారు. 1816లో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి పీఠికలో ఎల్లిస్ ఆ మాట తప్పని చూపాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవని ధాతువులు పోల్చి రుజువు చేశాడు. కాల్డ్‌వెల్ పుస్తకం 1856లో వచ్చింది. అంటే అప్పటికి 40 ఏళ్ళ ముందు సంగతి ఇది. ఈ పని ఎల్లిస్ ఒక్కడిదీ కాదు. ఆ కాలేజీలో సంస్కృతం, తెలుగు చెప్పిన పట్టాభిరామశాస్త్రి వంటి పండితుల సాయం దాని వెనుక ఉంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్రకారుడు ట్రౌట్‌మన్ 2006లో ఒక పుస్తకం రాసి ఆ మద్రాసు పండితుల పాత్రను మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ రుజువు మద్రాసులో కుదరడానికి ఒక కారణం, రెండు భాషలూ పక్కపక్కన బతికిన చోటు అది కావడం.

అదే కాలేజీలో 1817లో తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టినవాడు సి.పి. బ్రౌన్. తరువాత కడపలో పండితులను జీతాలకు పెట్టుకుని తాళపత్రాలు సేకరించి, పాఠాలు సరిచూయించి, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. అంటే విదేశీ విశ్వవిద్యాలయంలో తెలుగుకు చోటు దొరికి 150 ఏళ్ళు దాటింది.

మన కాలానికి వద్దాం. ఏలూరులో కాలేజీ మాస్టారుగా పనిచేసిన వెల్చేరు నారాయణరావు గారు 1971లో అమెరికా వెళ్ళి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, ధూర్జటి, క్షేత్రయ్య, అన్నమయ్య, పింగళి సూరన ఇంగ్లీషులో చదువుకునేలా అయ్యారంటే అందులో ఆయన పాలు పెద్దది. 2015లో హార్వర్డ్ ముద్రణాలయం నుంచి మూర్తి క్లాసికల్ లైబ్రరీ మొదటి సంపుటాలు వచ్చినప్పుడు వాటిలో పెద్దన మనుచరిత్ర కూడా ఉంది. ఎడమ పేజీలో తెలుగు లిపి, కుడి పేజీలో ఇంగ్లీషు. అదే వరుసలో 2022లో నంది తిమ్మన పారిజాతాపహరణం వచ్చింది. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఒక తెలుగు దంపతుల పేర తెలుగు భాషా సాహిత్యాలకు ఆచార్య పదవి కూడా ఉంది.

మనుచరిత్ర అనువాదంలో నారాయణరావు గారికి జోడీ డేవిడ్ షుల్‌మన్. అమెరికాలో అయోవా రాష్ట్రంలో పుట్టి, జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన పండితుడు. ముందు తమిళం నేర్చుకుని తమిళ స్థలపురాణాల మీద పరిశోధన చేశాడు. 1980లో ఆ పుస్తకం ప్రిన్స్‌టన్ నుంచి వచ్చింది. తరువాత తెలుగు నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. స్థలపురాణం అంటే మనకు పరాయిది కాదు. కుమారస్వామి కోపం తణిగిన కొండ కనుక తణిగై అయిందనే కథ మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ఆ కథ మీద కచ్చియప్ప మునివర్ తమిళంలో తణిగై పురాణం రాశారు. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజులు భారతం జరుగుతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, దుర్యోధనుడు పడతాడు, చివర అగ్నిగుండం తొక్కుతారు. తమిళనాట ఇలాంటి ద్రౌపదమ్మ ఉత్సవాల మీద అమెరికా పండితుడు హిల్ట్‌బైటెల్ రెండు పెద్ద సంపుటాలు రాస్తే చికాగో విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. మనం బొరుగులు తింటూ చూసే ఆట వాళ్ళకు పరిశోధనాంశం.

అయోవాలో పుట్టిన మనిషి ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించిన రెండు భాషలూ మన పిల్లలకు ఒకటి అమ్మ ఒడిలో, ఒకటి వీధిలో, బడిలో వస్తున్నాయి. తేడా ఎక్కడ ఉందంటే ఆయన రెండూ చదవగలడు. మన పిల్లలు తమిళం చదువుతారు, తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవలేరు.

ఎందుకిలా అయిందో మీకు తెలుసు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే తిరుత్తణి అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో ఉంది. సరిహద్దుల సర్దుబాటులో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అప్పుడు దేశానికి ఉపరాష్ట్రపతి మన రాధాకృష్ణన్ గారే. 1997లో తిరువళ్ళూరు జిల్లా అయ్యాం. మనం కదలలేదు, గీత కదిలింది. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది, తెలుగు వెనక్కి జరిగింది. తమిళం మీద మనకు ఏ ఫిర్యాదూ లేదు. అది మన పిల్లల బలం, ఇక్కడ మన అన్నం కూడా. కానీ తెలుగు అక్షరం ఇంట్లో ఎవరూ నేర్పకపోతే ఇంకెక్కడా రాదు. ఈ వ్యాసం కూడా మన సభ్యుల్లో కొందరు ఎవరిచేతనైనా చదివించుకుని వింటారని మనకు తెలుసు.

ఇక విదేశీ చదువు ఎలా ఉంటుందో చూద్దాం. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్ ప్రాచీన సాహిత్యం నాలుగేళ్ళ డిగ్రీ. బడిలో ఆ భాషలు ఒక్క ముక్క కూడా రానివాళ్ళ కోసం విడిగా ఒక దారి ఉంది. అక్షరాల నుంచి మొదలుపెట్టి హోమరు దాకా తీసుకెళతారు. కథ తెలిస్తే చాలదు, మూలం చదవాలి అన్నది వాళ్ళ పట్టుదల. మన సాహిత్యం విషయంలోనూ అంతే. అమెరికాలో పేరున్న చోట్ల పీహెచ్‌డీకి ఎంపికైతే సాధారణంగా ఫీజు ఉండదు, బతకడానికి భత్యం కూడా ఇస్తారు. బి.ఏ., ఎం.ఏ.లకు మాత్రం ఖర్చు చాలా ఎక్కువ. కాబట్టి డిగ్రీ, పీజీ ఇక్కడే సాహిత్యంలోనో చరిత్రలోనో సంస్కృతంలోనో బాగా చదివి, పీహెచ్‌డీకి ప్రయత్నించడం మనలాంటి కుటుంబాలకు కుదిరే దారి. సీట్లు తక్కువ, చదువు అయ్యాక ఉద్యోగాలూ తక్కువ. ఇది దాచకుండా చెప్పాలి. అందరూ వెళ్ళే దారి కాదు. కానీ దరఖాస్తులో మొదట చూసేది మూలభాష చదవగలరా అన్నదే. తెలుగు, తమిళం రెండింటిలోనూ పాత గ్రంథం చదవగల విద్యార్థి ఎక్కడైనా అరుదు. ఆ అరుదైన విద్యార్థి మన పళ్ళిపట్టులోనో, ఊత్తుకోటలోనో, తిరుత్తణి సన్నిధి వీధిలోనో పుట్టడానికి ఉన్నంత అవకాశం ఇంకెక్కడా లేదు.

అందుకే మన సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాం. ఒకటి, ఆదివారం ఒక గంట తెలుగు అక్షరాల తరగతి. తమిళ లిపి వచ్చిన పిల్లలకు ఆ అక్షరం పక్కన ఈ అక్షరం పెట్టి చూపితే త్వరగా పట్టుకుంటారు. రెండు, ఏడాదికి ఒకసారి పిల్లలను చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి తీసుకెళ్ళడం. బ్రౌన్ సేకరించిన ప్రతులు అక్కడే ఉన్నాయి. మూడు, మన ఇళ్ళలో అటక మీద ఉన్న తాళపత్రాలు, భారతం ఆట నోటుపుస్తకాలు, తాతల నాటి భజన పుస్తకాలు పారేయకుండా ఫోటోలు తీసి భద్రపరచడం. ఎవరి ఇంట్లో ఏమున్నాయో సంఘానికి చెప్పండి.

కడుపు నిండుతుందా అన్న ప్రశ్నకు రాధాకృష్ణన్ గారి జీవితమే ఒక జవాబు. అయితే అందరికీ అలా జరుగుతుందని మనం మాట ఇవ్వలేం. ఇవ్వగలిగిన మాట ఒకటే. తెలుగు చదవడం వచ్చిన పిల్లకు ఆ తలుపు తెరిచే ఉంటుంది, రాని పిల్లకు మూసుకుపోతుంది. వచ్చే సెప్టెంబరు 5న దండతో పాటు ఒక పలకా బలపమూ తెచ్చి ఆ పటం ముందు మన పిల్లలచేత అ ఆ లు దిద్దిద్దాం.

తరగతి చెప్పగలవారు, చోటు ఇవ్వగలవారు ఈ వారంలోగా సంఘం పెద్దలకు తెలియజేయండి.