నమ్మకమైన పనివాడు ఎందుకు దొరకట్లేదు? మా తాతయ్య పద్దు పుస్తకం చెప్పిన కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. మా నాన్న చేసిన ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతా.

మాది గుడివాడ పక్కన ఒక పల్లెటూరు. మూడెకరాల మాగాణి. మొన్న సార్వాకి కాలవలో నీళ్లొచ్చాయి. ఆకుమడి రెడీ, దమ్ము అయిపోయింది, ఇక ఊడ్పులకి ముఠా రావాలి. వస్తామన్న రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, ఈ కాలంలో నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతాడ్రా? మీ తాతయ్య రోజుల్లో పాలేరు ఉండేవాడు. అర్ధరాత్రి గట్టు తెగినా వాడే పరిగెత్తేవాడు. ఈ చేను కౌలుకిచ్చేసి మీ దగ్గరికి వచ్చేస్తాం" అన్నారు.

నేను యూట్యూబ్‌లోకి రాకముందు నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశా. అక్కడ ఏదైనా పని చేయడం ఆగిపోతే ముందు పాత లాగ్స్ చూస్తాం. అందుకే ఆ వారం ఊరెళ్లి, అటక మీద ట్రంకుపెట్టెలో తాతయ్య పద్దు పుస్తకం తీశా. అందులో ఏముందో చెప్పేముందు, అసలు పాలేరు అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం.

1832-33లో గుంటూరు ప్రాంతంలో భయంకరమైన కరువొచ్చింది. డొక్కల కరువు అంటారు దాన్ని. పక్కనే కృష్ణ పారుతోంది, నీళ్లన్నీ సముద్రంలోకి పోతున్నాయి. తర్వాత ఆర్థర్ కాటన్ లాంటి ఇంజనీర్లు పట్టుబట్టగా, 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చేదాకా మన డెల్టాకి నీళ్లిచ్చింది ఆ ఆనకట్టే.

దీని గురించి మన పుస్తకాల్లో చదువుకున్నాం. కానీ ఒక విషయం ఎవరూ చెప్పలేదు. వానని నమ్ముకున్న ఊళ్లో ఒకడు ముందు, ఒకడు వెనక విత్తుకుంటాడు. కాలవ కింద అలా కుదరదు. నీళ్లు వదిలితే గుడివాడ, బందరు, దివిసీమ వైపు ఊళ్లన్నీ కొద్ది రోజుల తేడాతో దమ్ములో దిగుతాయి. అందరికీ అవే రెండు మూడు వారాల్లో మనుషులు కావాలి. అంటే కూలీల కొరత ఇవాళ పుట్టింది కాదు, కాలవతోనే పుట్టింది.

మరి భూమి ఉన్నవాళ్లు ఏం చేశారు? మనిషిని ఏడాది మొత్తానికి ముందే కట్టేసుకున్నారు. అదే పాలేరుతనం.

ఇప్పుడు పద్దు పుస్తకానికి వద్దాం. మా పాలేరుకి ఒక పేజీ ఉంది. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, ఒక పంచెల జత, ఒక చెప్పుల జత. దాని కింద వాడకాలు: కూతురు పెళ్లికి ఇంత, జ్వరమొస్తే మందులకి ఇంత, శ్రావణంలో తిండిగింజలు ఇన్ని కుంచాలు. ఉగాదికి లెక్క కట్టారు. అడుగున "బాకీ" అని ఉంది. పేజీ తిప్పితే కొత్త సంవత్సరం మొదటి లైన్ "పాత బాకీ". తొమ్మిదేళ్లు చూశా. ఒక్క ఏడాది కూడా ఆ లైన్ సున్నా కాలేదు.

బాకీ తీరేదాకా ఇంకో ఆసామి దగ్గరికి వెళ్లకూడదు. అది ఊళ్లో రూలు. పాలేర్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. పొలంలో పని వాళ్లది, కానీ ఇంట్లోకి రాకూడదు, బావిలో నీళ్లు తోడుకోకూడదు. నాన్న "నమ్మకం" అన్న మాట వెనక ఉన్నది ఇది. అర్ధరాత్రి గట్టు మీదికి పరిగెత్తిన మనిషికి వెళ్లే దారి ఇంకోటి లేదు. అతనికి మా మీద అభిమానం లేదని నేననట్లేదు, ఉండొచ్చు. కానీ వెళ్లిపోయే వీలు లేనివాడు ఉండిపోతే, దాన్ని నమ్మకం అని ఎలా అంటాం?

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. వందేళ్ల కిందటే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి' నవల రాశారు. 1922లో వచ్చింది. అందులో సంగదాసు అనే మాల కుర్రవాడు పాలేరు. కూలి గొడవల్లో భూస్వామి చేతిలోనే చనిపోతాడు. అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆ నవలని నిషేధించింది. ఒక పాలేరు కథకి ప్రభుత్వం భయపడిందంటే, దాంట్లో ఎంత నిజం ఉందో అర్థం చేసుకోండి.

స్వతంత్రం వచ్చాక 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. 1975 అక్టోబరులో వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్స్, 1976లో చట్టం. అప్పు పేరు చెప్పి మనిషిని వేరే పనికి వెళ్లనివ్వకపోవడం నేరం అయింది. చట్టం వల్లే పాలేరుతనం పోయిందనుకుని నాయనమ్మని అడిగా, "మన పాలేరు ఎప్పుడు మానేశాడు నాయనమ్మా?" అని.

"వాడెక్కడ మానేశాడ్రా. మీ తాతయ్య ఎడ్లని అమ్మేసి ట్రాక్టరు దుక్కి పెట్టించాక మనమే వద్దన్నాం" అంది.

"మరి బాకీ?"

కాసేపు మాట్లాడలేదు. "వాళ్ల గేదెని తోలుకొచ్చారు" అంది.

నాకు నోట మాట రాలేదు. కానీ లెక్క అర్థమైంది. ఏడాది పొడుగునా మనిషి కావాల్సింది ఎడ్లకి. మేత వెయ్యాలి, కడగాలి, అరక కట్టాలి. ఎడ్లు పోయాక ఏడాదంతా జీతం దండగ అనిపించింది. ఊడ్పులకి, కోతలకి మాత్రం రోజు కూలికి పిలిస్తే చాలనుకున్నాం. అంటే "పని ఉన్నప్పుడే రా, లేనప్పుడు నీ దారి నువ్వు చూసుకో" అన్న మాట ముందు అన్నది మనమే. ఇప్పుడు వాళ్లు అదే మాట మనతో అంటే, కాలం చెడిపోయింది అంటున్నాం.

ఇక్కడ చాలామంది అడుగుతారు, ఉపాధి హామీ వల్ల కూలీలు చెడిపోయారు కదా అని. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది, 2008కి దేశమంతా వచ్చింది. కానీ ఆ పనులు మన దగ్గర ఎక్కువగా ఎండాకాలంలో నడిచాయి. ఊడ్పులు వానాకాలంలో. అది మార్చింది వేరే విషయాన్ని: ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే కూలి, ఇంతకంటే తక్కువకి రాను అని చెప్పే ధైర్యం.

రైతు బాధ అబద్ధం అని కూడా నేననను. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి సార్వా వెయ్యకుండా ఊరుకున్నారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చులు పెరిగాయి అని చెప్పారు. మూడెకరాల రైతుకి పైనుంచి ధర, కిందినుంచి కూలి, రెండూ నొక్కుతాయి. కోతకి మిషన్ దొరుకుతుంది, ఊడ్పులకి మాత్రం మా ఊళ్లో ఇంకా ఆడవాళ్ల చేతులే దిక్కు.

సరే, మూడో రోజు పొద్దున్నే నేనే ముఠా పెద్ద ఇంటికి వెళ్లా. "అత్తా, ఎందుకు రాలేదు?" అని అడిగా. ఆవిడ తిట్టలేదు, దాచలేదు.

"మాదీ రెండెకరాల కౌలు ఉంది బాబూ. నీళ్లు మీకొక్కళ్లకే వచ్చాయా? ముందు మాది ఊడ్చుకున్నాం. ఇంకోటి, పోయినేడు మీ నాన్నగారు ధాన్యం డబ్బులు రాలేదని మా కూలి నలభై రోజులు ఆపారు. పదహారు మందికి నేను సమాధానం చెప్పుకోవాల. ఏ రోజు డబ్బులు ఆ రోజు ఇచ్చేవాళ్ల చేలోకే ముందు వెళ్తాం."

ఇంటికొచ్చి నాన్నకి చెప్పా. ఆయన ఒప్పుకోలేదు, కానీ కాదనీ అనలేదు. సాయంత్రం ముఠాకి సగం డబ్బు నేను ఫోన్‌పే చేశా. మిగతాది గట్టెక్కిన రోజే ఇస్తానని మాటిచ్చా. నాలుగో రోజు వచ్చారు. నారు కొంచెం ముదిరింది, అయినా మూడెకరాలూ పూర్తయింది. చీకటి పడేలోపు నాన్నే స్వయంగా వెళ్లి మిగతా డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. వచ్చే ఏడు తేదీ ఇప్పుడే అనుకుందాం అని కూడా అన్నారట. చేను కౌలుకిచ్చే మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తరని నేను గ్యారంటీ ఇవ్వలేను.

నమ్మకమైన పనివాడు ఎక్కడికీ పోలేదండీ. ఇప్పుడు ఆ మనిషికి కాదనే హక్కు వచ్చింది, అంతే. మనం వాళ్ల గురించి అడిగే ప్రశ్నే వాళ్లూ మన గురించి అడుగుతున్నారు: "ఈ ఆసామి నమ్మదగ్గవాడేనా?" అని.

మీ ఇంట్లో కూడా అటక మీద పద్దు పుస్తకం ఉండే ఉంటుంది. ఈ పండక్కి ఊరెళ్తే ఒకసారి తీసి, "పాత బాకీ" అన్న లైన్ దగ్గర ఆగి చూడండి. ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. పేర్లు మాత్రం రాయొద్దు, వాళ్ల మనవలు కూడా ఇదే వీడియో చూస్తుంటారు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.